తేనె పరీక్షకు ఒక్క కన్ను చాలునా?



ఆయుర్వేదంలో తేనె కేవలం తీపి పదార్థం కాదు. తనతో కలిసిన ద్రవ్యపు గుణాన్ని గ్రహించి శరీరంలో వ్యాపింపజేస్తుంది గనుక పూర్వులు దానిని ‘యోగవాహి’ అన్నారు. త్రికటు చూర్ణమైనా, సితోపలాది చూర్ణమైనా, భస్మాలైనా తేనెతో రంగరించి ఇవ్వడం మన ఇళ్లలోని పెద్దలకు తెలిసిన పద్ధతే. చార్మినారు పరిసరాలలోని యునానీ హకీములకు సైతం తేనె లేనిదే మాజూనుల తయారీ సాగదు. ఇంతటి ద్రవ్యం కల్తీ అయితే మందు మంచిదైనా ఫలితం చెడుతుంది. అప్పుడు రోగి వైద్యుణ్ణి నిందిస్తాడు, వైద్యుడు పథ్యం తప్పినారని రోగిని నిందిస్తాడు. తేనెను మాత్రం ఎవరూ అనుమానించరు.

ప్రయోగశాలలో తేనెను పరీక్షించే యంత్రాలను గురించి, ముఖ్యంగా కాంతి వంపును బట్టి చక్కెరలను గుర్తించే డిటెక్టర్‌ను గురించి ఈ వ్యాసంలో మనవి చేయదలిచాను. గురుకులంలో చదువుకున్న వైద్యునికి యంత్రాల గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. అందుకు కారణం నేను చేసిన ఒక పొరపాటు. ముందుగా దానిని ఒప్పుకుంటాను.

బొటనవ్రేలు చెప్పిన అబద్ధం

మా గురువుగారి ఇంటికి తేనె తెచ్చేవారు పట్టును మా కళ్ల ఎదుటనే పిండి ఇచ్చేవారు. అక్కడ పరీక్ష అవసరమే ఉండేది కాదు. పాతబస్తీలో వైద్యం ఆరంభించాక తేనె సీసాలలో రావడం మొదలైనది. అప్పుడు అందరిలాగే నేనూ ఇంటి పరీక్షలను నమ్ముకున్నాను. బొటనవ్రేలి గోటిపై చుక్క వేస్తే జారకూడదు. గ్లాసు నీటిలో వేస్తే కరగక అడుగుకు చేరాలి. తేనెలో ముంచిన వత్తి చిటపటలాడక వెలగాలి. ఈ మూడూ నెగ్గిన సీసాకు ‘శుద్ధం’ అని నా నోటితో ముద్ర వేసేవాణ్ణి.

కొన్ని సంవత్సరాల క్రితం శాలిబండ నుండి ఒక ఉపాధ్యాయిని దగ్గుకు మందు కోసం వచ్చింది. ఆమె తెచ్చిన తేనెను ఆ విధంగానే చూచి, నిశ్చింతగా వాడుకొమ్మన్నాను. నెల గడిచాక ఆమె ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

“వైద్యులుగారూ, మీరు మంచిదన్నారని ఇంటిల్లిపాదీ వాడుతున్నామండీ. మా అబ్బాయి పరీక్ష చేయించాడు. ఇందులో ఏముందో మీరే చూచి చెప్పండి” అన్నది.

ఆమె మాటలో కోపం లేదు. అందువల్లనే నాకు మరింత సిగ్గు కలిగినది. తేనెలో సుక్రోజు, అంటే మనం కాఫీలో వేసుకునే మామూలు పంచదార, సామాన్యంగా 5 శాతానికి మించరాదని మన ఆహార భద్రతా నిబంధన. ఆ కాగితంలో 21 శాతం అని ఉన్నది. పరీక్షా విధానం అన్న గడిలో ‘హెచ్.పి.ఎల్.సి., ఆర్.ఐ. డిటెక్టర్’ అని ఉన్నది. ఆ అక్షరాలకు అర్థం నాకు తెలియలేదు.

ఆ తరువాత ఆలోచించగా నా తప్పు తెలిసినది. ఇంటి పరీక్షలన్నీ కొలిచేది చిక్కదనాన్ని, తేమను మాత్రమే. చిక్కగా కాచిన పంచదార పాకం కూడా గోటిపై జారదు, నీటి అడుగుకే చేరుతుంది. మరొక వైపు, అడవిలోని పెద్ద తేనెటీగల పట్టు నుండి వచ్చే అసలైన కొండతేనెలో తేమ 20 శాతం దాటడం తరచుగా జరుగుతుంది. అది పలుచగా ఉండి గోటి మీద నుండి జారిపోతుంది. అనగా నా పరీక్షలో దొంగ నెగ్గి దొర ఓడిపోయే అవకాశం ఉన్నది.

కాంతి ఎట్లా సాక్ష్యం చెబుతుంది?

ఔషధ పరిశ్రమలో విశ్లేషకుడిగా పనిచేసే నా మేనల్లుడు నాకు ఈ విద్యను ఓపికగా బోధించాడు. నేను గ్రహించినంత మేరకు మీకు విన్నవిస్తాను.

గ్లాసు నీటిలో చెంచా ఉంచితే అది విరిగినట్లు కనిపిస్తుంది. నీటి నుండి గాలిలోకి వచ్చే కాంతి తన దారి మార్చుకోవడమే దానికి కారణం. ఈ వంపు ఎంత అన్నదానిని తెలిపే సంఖ్యకు వక్రీభవన గుణకం అని పేరు. నీటికి అది సుమారు 1.33. తేనెకు సుమారు 1.49. తేనె సేకరించే చోట చేతిలో పట్టుకొని చూచే చిన్న రిఫ్రాక్టోమీటరు ఈ సూత్రం మీదనే పనిచేసి తేమను చెబుతుంది. అయితే ఆ చిన్న పరికరం కలగాపులగంగా ఉన్న ద్రవాన్నంతటినీ ఒకేసారి చూస్తుంది. దాని దృష్టిలో చిక్కని పాకం, చిక్కని తేనె ఒకటే. అది నా బొటనవ్రేలికి అన్నగారు మాత్రమే.

కనుక ముందు ద్రవ్యాలను విడదీయాలి. ఆ విడదీసే పనికి క్రోమటోగ్రఫీ అని పేరు. దీనికి పుట్టిల్లు ఆకు పసరు అని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగినది. మిఖాయిల్ త్స్వెట్ అనే రష్యా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు 20వ శతాబ్దం ఆరంభంలో సుద్దపొడి నింపిన గొట్టంలో ఆకు రసాన్ని పోసి, అందులోని పచ్చ, పసుపు వర్ణాలను వేర్వేరు పట్టీలుగా విడదీశాడు. నేటి యంత్రంలో సుద్దపొడికి బదులు అతి సూక్ష్మమైన రేణువులు నింపిన ఉక్కు గొట్టం ఉంటుంది. అందులోకి ద్రావకాన్ని అధిక పీడనంతో పంపుతారు. నీటిలో పలుచన చేసిన తేనె బిందువు ఆ ప్రవాహంతో పోతూ విడిపోతుంది. చక్కెరలకు సామాన్యంగా వాడే ఒక రకం గొట్టం నుండి మొదట ఫ్రక్టోజు, పిదప గ్లూకోజు, ఆ తరువాత సుక్రోజు, మాల్టోజు బయటకు వస్తాయి.

అయితే త్స్వెట్ చూచిన వర్ణాలు కంటికి కనిపించేవి. చక్కెరకు రంగు లేదు. అది వచ్చినదని ఎవరు చూడాలి? అక్కడ కూర్చునే కాపలాదారే డిటెక్టర్.

నాలుగు కళ్లు, నాలుగు గుడ్డితనాలు

మొదటిది ఆర్.ఐ. డిటెక్టర్. దానిలో పక్కపక్కనే రెండు చిన్న గదులు ఉంటాయి. ఒకదానిలో ఉట్టి ద్రావకం, రెండవదానిలో గొట్టం నుండి వచ్చే ద్రవం. రెండూ ఒకటే అయినంతసేపు కాంతి తన చోటనే పడుతుంది. చక్కెర రాగానే కాంతి రవంత పక్కకు జరుగుతుంది. ఆ జరుగుబాటును కాగితంపై శిఖరంగా గీస్తుంది. ద్రావకానికి భిన్నంగా కాంతిని వంచే ఏ పదార్థాన్నయినా ఇది చూడగలదు గనుక చక్కెరలకు ఇది సహజమైన కన్ను. కానీ దీని చూపు సూక్ష్మం కాదు, అతి స్వల్పంగా ఉన్నవి దీనికి అందవు. పరీక్ష మధ్యలో ద్రావకపు పాళ్లు మార్చడానికీ వీలులేదు. మారిస్తే కాంతి వంపంతా తారుమారవుతుంది.

రెండవది అతినీలలోహిత కాంతితో చూచే యు.వి. డిటెక్టర్. మందుల పరిశ్రమలో సర్వసామాన్యంగా ఉండేది ఇదే. సామాన్యంగా వాడే కాంతిలో చక్కెరలు దీనికి దాదాపు కనబడవు. అయితే తేనెకు వేడి తగిలినప్పుడు, పాతబడినప్పుడు పుట్టే హైడ్రాక్సీ మిథైల్ ఫర్‌ఫ్యూరాల్ అనే పదార్థాన్ని సుమారు 285 నానోమీటర్ల కాంతిలో ఇది చక్కగా పట్టుకుంటుంది. దానిని క్లుప్తంగా హెచ్.ఎం.ఎఫ్. అంటారు. కిలో తేనెలో అది 80 మిల్లీగ్రాములకు మించరాదని నిబంధన. తేనెను వేడి చేయరాదని మన శాస్త్రకారులు ఏనాడో నిషేధించారు. వారి నిషేధానికి కారణం ఈ పదార్థమేనని నేను అనను. కాని ఆ నిషేధాన్ని ఎవరు ఉల్లంఘించారో చెప్పే జాడ మాత్రం ఇదే.

మూడవది ద్రావకాన్ని పొగమంచులా చిమ్మి ఆవిరి చేసి, మిగిలిన రేణువుల మీద కాంతి చెదరడాన్ని కొలిచేది. ద్రావకపు పాళ్లు మార్చినా ఇది కలవరపడదు. ఎండకూ చలికీ అంతగా లొంగదు. కానీ పదార్థం రెట్టింపయితే దీని గుర్తు సరిగా రెట్టింపు కాదు గనుక లెక్క కట్టడంలో జాగ్రత్త కావాలి. వాయువు ఖర్చు అదనం.

నాలుగవది విద్యుత్ స్పందనతో చక్కెరలను గుర్తించేది. బహు సూక్ష్మదృష్టి గలది. పిండిపదార్థం నుండి తీసిన పాకం కలిపితే మిగిలే పొడవాటి చక్కెర గొలుసుల జాడను సైతం చూడగలదు. కానీ ఖరీదైనది, నిపుణుని చేయి కోరేది.

రెండవ సీసా చెప్పిన పాఠం

పై విషయమంతా ఎందుకు చెప్పవలసి వచ్చినదో ఇప్పుడు చూడండి. మొదటి అనుభవం తరువాత నేను రిపోర్టు ఉన్న తేనెనే కొనసాగాను. ఒక సీసాతో వచ్చిన కాగితంలో సుక్రోజు 2 శాతం, ఫ్రక్టోజుకు గ్లూకోజుకు నిష్పత్తి 1.02 అని ఉన్నది. నిబంధన ప్రకారం ఆ నిష్పత్తి 0.95 నుండి 1.50 వరకు ఉండవచ్చు. అన్నీ సరిగా ఉన్నాయని మురిసిపోయి మేనల్లుడికి చూపించాను.

అతడు చూచి, “మామయ్యా, ఇది తప్పు రిపోర్టు కాదు. అడిగిన ప్రశ్నకు సరైన జవాబే చెప్పింది. అడగవలసిన రెండవ ప్రశ్న అడగలేదు, అంతే” అన్నాడు.

పంచదార పాకాన్ని ఆమ్లంతో కాచితే సుక్రోజు విరిగి, ఫ్రక్టోజు, గ్లూకోజు సమపాళ్లలో ఏర్పడతాయి. నిష్పత్తి 1కి దగ్గరగా వస్తుంది. సుక్రోజు మాయమవుతుంది. ఆర్.ఐ. డిటెక్టర్ ఆ రెండు చక్కెరలను నిజాయితీగా లెక్కిస్తుంది. అవి పూవు నుండి వచ్చాయా, కర్మాగారం నుండి వచ్చాయా అన్నది దాని ఎరుకలో లేదు. అట్లాగని 1కి దగ్గరి నిష్పత్తి కనబడినంత మాత్రాన కల్తీ అనడమూ తప్పే. ఆవపూల తేనె వంటి వాటిలో సహజంగానే అట్లా ఉంటుంది. అయితే ఆమ్లంతో కాచిన పాకంలో హెచ్.ఎం.ఎఫ్. విస్తారంగా పుడుతుంది. ఆ సీసాను యు.వి. డిటెక్టర్‌తో పరీక్షింపజేయగా అది పరిమితిని ఎంతో దాటి ఉన్నది. ఒక కన్ను మంచిదన్న తేనెను రెండవ కన్ను పట్టి ఇచ్చినది.

ఈ రెండు డిటెక్టర్లనూ ఒకే గొట్టం చివర వరుసగా అమర్చే ఏర్పాటు కూడా ఉన్నది. ముందు యు.వి., చివర ఆర్.ఐ. ఎందుకంటే ఆర్.ఐ. డిటెక్టర్‌లోని గాజు గది సున్నితమైనది, వెనుక నుండి వచ్చే పీడనాన్ని తట్టుకోలేదు.

ఈ రెండు కళ్లు కూడా చాలని చోటు ఉన్నది. ఎంజైములతో మెత్తగా విరిచిన పాకంలో హెచ్.ఎం.ఎఫ్. అంతగా పుట్టదు. చెరకు, మొక్కజొన్నల పాకాన్ని కార్బన్ ఐసోటోపుల పరీక్ష పట్టుకుంటుంది గాని, వరి నుండి తీసిన పాకం దానికి చిక్కదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండుల తేనెను పరీక్షింపజేసి, వాటిలో మూడు మాత్రమే అన్ని పరీక్షలలో నెగ్గాయని ప్రకటించినది. ఇతర పరీక్షలలో నెగ్గినవి సైతం జర్మనీలో జరిపించిన ఎన్.ఎం.ఆర్. పరీక్షలో తప్పాయి. కొన్ని కంపెనీలు ఆ ఫలితాలను ఖండించాయి. ఎవరి పక్షం ఏదైనా, ఒక్క పరీక్షలో నెగ్గడం శుద్ధతకు నిరూపణ కాదన్న సంగతి దేశమంతటికీ తెలిసినది.

మన ఊరి ఎండ, మన ఊరి కరెంటు

ఇక ఆర్.ఐ. డిటెక్టర్లలోనే ఏది మేలన్న ప్రశ్న. రెండు గదుల గుండా కాంతి జరుగుబాటును కొలిచే రకం ఒకటి. పట్టకపు అంచున ప్రతిఫలించే కాంతిని కొలిచే రకం మరొకటి. మొదటిది విస్తారమైన పరిధిలో పనిచేస్తుంది, మొరటు వాడకాన్ని కొంత తట్టుకుంటుంది. రెండవదానికి ద్రవం చాలా తక్కువ చాలును గాని, పట్టకపు ముఖం నిత్యం నిర్మలంగా ఉంచాలి, ద్రావకాన్ని బట్టి పట్టకం మార్చవలసి వస్తుంది. తేనె, బెల్లం, పానకాల వంటి వాటిని రోజూ పరీక్షించే ప్రయోగశాలకు మొదటి రకమే అనుకూలమని నా మేనల్లుడి అనుభవం. నాకు కూడా అది యుక్తంగానే తోచినది.

అయితే రకం కన్నా ముఖ్యమైనది ఉష్ణోగ్రత. నీటి వక్రీభవన గుణకం ఒక్క డిగ్రీ మార్పుకు సుమారు పదివేలలో ఒక వంతు మారుతుంది. మంచి డిటెక్టర్ పది కోట్లలో ఒక వంతు భేదాన్ని పసిగట్టాలి. అంటే గదిలో ఒక డిగ్రీ హెచ్చుతగ్గు, కొలవవలసిన భేదానికి సుమారు పదివేల రెట్లన్న మాట. అందుకే గాజు గదిని 35 లేక 40 డిగ్రీల వద్ద నిలకడగా ఉంచుతారు. మే నెలలో మన హైదరాబాదులో బయటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. గదిని చల్లబరచకపోతే ఆ ఏర్పాటు వ్యర్థం. మధ్యలో కరెంటు పోతే మళ్లీ కుదుటపడేందుకు గంటల కాలం పడుతుంది. ఆ ఓపిక లేక తొందరపడితే వణికే గీత మీద లెక్క కట్టినట్లవుతుంది. నాడి చూచే ముందు రోగిని కాసేపు కూర్చోబెట్టి నిమ్మళించనివ్వమని మా గురువుగారు చెప్పేవారు. యంత్రానికీ అదే నీతి.

యంత్రం వీర్యాన్ని చెబుతుందా?

తోటి వైద్యులు కొందరు, “రస, వీర్య, విపాకాలను యంత్రం తూచగలదా?” అని అడుగుతారు. తూచలేదు. మాక్షికమా, భ్రామరమా, క్షౌద్రమా అన్నది ఆర్.ఐ. డిటెక్టర్ చెప్పదు. కొత్త తేనె పుష్టినిస్తుందని, పాత తేనె కొవ్వును కరిగిస్తుందని మన శాస్త్రం చేసే విభాగమూ దానికి తెలియదు. పైగా పాత తేనెలో హెచ్.ఎం.ఎఫ్. పెరగడం సహజం గనుక, ఆ ఒక్క సంఖ్యను చూచి పాత తేనెనంతా కల్తీ అనడానికీ వీలులేదు. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. కాని సీసాలో ఉన్నది తేనే కానప్పుడు ఇక ఎవరి వీర్యాన్ని గురించి వాదించుకుంటాం?

చరకుడు పరీక్షకు ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అని నాలుగు సాధనాలు చెప్పాడు. ఒక్కదానితో సరిపెట్టుకొమ్మని చెప్పలేదు. కాంతి వంపును బట్టి చక్కెరను గుర్తించడం పొగను బట్టి నిప్పును గుర్తించడం వంటి అనుమానమే. అది మనకు పరాయి విద్య కాదు. ఒక్క పొగనే చూచి వంటింట్లో వండుతున్నది ఏమిటో చెప్పబోవడమే మన పొరపాటు.

కనుక నా అభిప్రాయం ఇది. చక్కెరల లెక్కకు ఆర్.ఐ. డిటెక్టర్ నమ్మదగినది, ప్రతి జిల్లాలోని ప్రయోగశాలకు అందుబాటులో ఉండవలసినది. కానీ దాని ఒక్క సాక్ష్యం మీదనే తేనెకు ‘శుద్ధం’ అన్న మాట ఎవరూ రాయరాదు. కనీసం యు.వి. సాక్ష్యం దానికి తోడు కావాలి. అనుమానం మిగిలితే ఐసోటోపు, ఎన్.ఎం.ఆర్. పరీక్షలకు పంపాలి. ప్రతి రిపోర్టులోనూ ఏ డిటెక్టర్‌తో చూచారో, ఏ పరీక్షలు చేయలేదో స్పష్టంగా రాయాలి. ‘ల్యాబొరేటరీలో పరీక్షింపబడినది’ అని సీసాపై అచ్చువేసి ఊరుకుంటే అది నా బొటనవ్రేలి ముద్ర కన్నా గొప్పది కాదు.

గృహిణులకు, గృహస్థులకు మనవి

తేనె కొనేటప్పుడు రిపోర్టు ఉంటే అందులో నాలుగు విషయాలు చూడండి. తేమ 20 శాతం లోపు, సుక్రోజు 5 శాతం లోపు, ఫ్రక్టోజు గ్లూకోజుల నిష్పత్తి, హెచ్.ఎం.ఎఫ్. నాలుగవది లేకపోతే ఎందుకు లేదని అడగండి. గోటి పరీక్షను, నీటి పరీక్షను నమ్మి ఎవరినీ దొంగ అనవద్దు, ఎవరినీ దొర అనవద్దు. పేరుకున్న తేనెను పారవేయవద్దు. అసలైన తేనె కూడా చలికి పేరుకుంటుంది. దానిని పొయ్యి మీద పెట్టక, నులివెచ్చని నీటి గిన్నెలో సీసాను ఉంచి కరిగించుకోండి. మరిగే పాలలో, కషాయంలో తేనె కలపక, గోరువెచ్చగా అయిన తరువాతనే కలుపుకోండి. నెయ్యి, తేనె సమాన తూకంలో కలిపి తీసుకోవడం మన శాస్త్రంలో విరుద్ధాహారం. సంవత్సరం నిండని పసిబిడ్డకు ఒక్క చుక్క కూడా నాకించవద్దు. అసలైన తేనెలో సైతం ఆ వయస్సుకు ప్రమాదకరమైన సూక్ష్మక్రిమి బీజాలు ఉండవచ్చు.

మధుమేహం ఉన్నవారు ఒక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. కల్తీ లేని తేనెలో సైతం ఉన్నది ప్రధానంగా ఫ్రక్టోజు, గ్లూకోజులే. అది కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది. ‘శుద్ధమైన తేనె షుగరు చేయదు’ అని చెప్పేవారి మాట, ఆ చెప్పినవాడు వైద్యుడైనా, వినవద్దు.

శాలిబండ ఉపాధ్యాయిని ఇప్పటికీ నా వద్దకు వస్తుంది. ఆమె సీసా తెచ్చినప్పుడు నేను గోరు చాచడం మానుకున్నాను. కళ్లద్దాలు పెట్టుకొని కాగితంలోని పరీక్షా విధానం గడిని చదువుతాను. తెలియనిది ఉంటే తెలియదని చెబుతాను. ఈ వయస్సులో నేర్చుకున్న ఈ కొద్దిపాటి వినయం మీకూ ఉపయోగపడుతుందని ఆశించి ఈ నాలుగు మాటలు విన్నవించుకున్నాను.

స్వస్తి.